హీరో నీళ్ళలో చెయ్యి ఎందుకు పెట్టలేదు: ఒక సూపర్‌హీరో సీక్వెల్ స్క్రిప్టు కేస్ స్టడీ

నేపథ్యం

ఇతరులు రాసిన స్క్రిప్టులు చదివి, కథ ఎక్కడ ఒప్పించడం లేదో చెప్పి, వాళ్ళతో కూర్చుని సరిచేయడం నా పని. ఈ కేసు పర్లాకిమిడి వైపు కుర్రాళ్ళది. ఊరు ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, సరిహద్దు దాటితే పాతపట్నం. బడిలో ఒడియా చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుకుని, సినిమా అంటూ తీస్తే తెలుగులోనే తీయాలనుకున్న బృందం. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పట్టుబట్టింది ఆ ఊళ్ళో పాఠాలు చెబుతూనే. ఈ కుర్రాళ్ళ డైలాగుల్లో ఆ ఊరి మాట అచ్చంగా వినిపిస్తుంది. నేను ఒప్పుకోవడానికి మొదటి కారణం అదే.

వాళ్ళ పేర్లు, సినిమా పేరు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలు వాళ్ళతో మాట్లాడి మార్చాను. లొసుగులు మాత్రం స్క్రిప్టులో ఉన్నవే.

మొదటి భాగం చిన్న బడ్జెట్ సినిమా. హీరో కాంట్రాక్టు లైన్‌మన్. ఏటి నీళ్ళలో చెయ్యి పెడితే ఆ నీటి ఒడ్డున దూరంగా జరిగే మాటలు, ఏడుపులు అతనికి వినిపిస్తాయి. నీళ్ళలో ఉన్నంతసేపూ పదిమంది బలం ఉంటుంది. నల్ల రెయిన్‌కోటు, డ్యూటీలో పెట్టుకునే హెల్మెట్టు, అదే అతని వేషం. ఆ శక్తి తండ్రి నుంచి వచ్చింది. నీళ్ళలో గొంతులు వినిపిస్తున్నాయన్నందుకు ఊరు తండ్రికి పిచ్చి అని ముద్ర వేసింది, ఆయన ఆసుపత్రిలోనే పోయాడు. అందుకే కొడుకు సంగతి ఎవరికీ తెలియకూడదని తల్లి ఒట్టు వేయించుకుంటుంది. చివర్లో జాతరలో తప్పిపోయిన పాపను, రాత్రిపూట రేవులో చెయ్యి పెట్టి, ఏడుపు విని కాపాడతాడు. ఆ సీను చాలా బాగా తీశారు. రెండు వైపులా జనం చూసి మెచ్చుకున్నారు కాబట్టే రెండో భాగానికి డబ్బులు పెట్టేవాళ్ళు దొరికారు.

సమస్య

రెండో భాగంలో విలన్ ఇసుక కాంట్రాక్టరు. రాత్రిపూట ఏట్లో యంత్రాలు దింపి ఇసుక తవ్విస్తుంటాడు. హీరో స్నేహితుడు దాన్ని ఫోన్‌లో వీడియో తీస్తాడు, విలన్ మనుషులు అతన్ని ఎత్తుకుపోయి ఏటి ఒడ్డునే ఒక షెడ్డులో దాస్తారు. స్నేహితుడి చెల్లెలు నర్సు, ఆమే హీరోయిన్. క్లైమాక్సు తుఫానులో, వరదలో.

వినడానికి కథ బాగానే ఉంది. బృందం నన్ను పిలిచింది ఒక ఇంట్లో జరిగిన నెరేషన్ తర్వాత. పెద్దవాళ్ళు, అక్కచెల్లెళ్ళు, పక్కింటివాళ్ళు కూర్చుని విన్నారట. సగం అయ్యేసరికి ఒక ముసలమ్మ అడిగిందట: "ఒరే బాబూ, ఆడు నీల్లల్లో చెయ్యెడితే ఇనబడతాదన్నావు గదా, మరెందుకెట్టడు?" హీరో బస్టాండులో, మార్కెట్లో, సబ్‌స్టేషన్‌లో, ఊరంతా స్నేహితుడి కోసం వెతుకుతున్నాడు. ఏరు పక్కనే ఉంది. నలభై నిమిషాల కథలో ఒక్కసారి కూడా చెయ్యి ముంచడు. ఆవిడ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. దర్శకుడు ఆ రాత్రే ఫోన్ చేశాడు.

స్క్రిప్టు చదివితే అలాంటివి ఇంకా కనబడ్డాయి. స్నేహితుడిని ఎత్తుకుపోయింది ఎవరో నర్సుకు ఇంటర్వెల్‌కి ముందే తెలుస్తుంది. కాంట్రాక్టరు ఫోన్ ఆమె చేతికి చిక్కుతుంది, అందులో తన అన్న తీసిన వీడియో ఉంటుంది. అయినా ముప్ఫై పేజీల దాకా హీరోకు చెప్పదు. మొదటి భాగంలో ఒట్టు వేయించుకున్న తల్లి, ఇక్కడ ఇల్లు బాగుచేయిస్తానన్న కాంట్రాక్టరుకు కొడుకు శక్తి గురించి చెప్పేస్తుంది. విలన్ హీరోను పట్టుకుని, కట్టేసి, చంపకుండా వెళ్ళిపోతాడు. హీరో సొమ్మసిల్లి పడిపోతే తల్లి అతన్ని రాత్రికి రాత్రి విశాఖపట్నంలో కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకెళ్తుంది.

వీటన్నిటినీ బృందం "లాజిక్ మిస్సులు" అని ఒకే గాటన కట్టింది. నేను ముందు వాటిని రెండుగా విడదీశాను, ఎందుకంటే రెండిటికీ మందు వేరు. ఏట్లో చెయ్యి పెట్టకపోవడం నిజమైన లొసుగు. సినిమా తానే పెట్టిన నియమాన్ని తానే మరిచిపోయింది. తల్లి నోరు జారడం అలాంటిది కాదు. అది జరగకూడనిదేమీ కాదు, తల్లులు నోరు జారతారు. కానీ ఈ తల్లి ఆ మనిషి దగ్గర, ఆ కారణానికి జారదు. కథకు ఆ సమయంలో రహస్యం బయటపడాలి, అందుకని ఆమె చేత చెప్పించారు. నా అనుభవంలో ప్రేక్షకుడు మొదటి రకాన్ని కొంతవరకు క్షమిస్తాడు. రెండో రకాన్ని క్షమించడు. నియమం మరిచిపోతే రచయిత మీద కోపం వస్తుంది, మనిషి తప్పుగా నడుచుకుంటే ఆ మనిషి మీదే నమ్మకం పోతుంది. ఆ తర్వాత తల్లి ఏడ్చినా ఎవరికీ ఏమీ అనిపించదు.

పెద్ద సినిమాలకూ ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. 1978 సూపర్‌మ్యాన్ చివర్లో హీరో భూమి చుట్టూ ఎగిరి కాలాన్ని వెనక్కి తిప్పి హీరోయిన్‌ను బతికిస్తాడు. ఆ ఒక్క సీనుతో తర్వాతి కథలన్నిటి మీదా ఒక అప్పు పడింది. ఇకపై ఎవరు పోయినా "మళ్ళీ తిప్పొచ్చు కదా" అని అడగొచ్చు. 1980లో వచ్చిన రెండో భాగంలో ముద్దు పెట్టి ఆమె జ్ఞాపకం చెరిపేసే ఇంకో శక్తి తోడైంది. ఇక రెండో జబ్బుకు 2012 నాటి బ్యాట్‌మ్యాన్ సినిమా ది డార్క్ నైట్ రైజెస్ చాలు. నగరంలోని పోలీసులను దాదాపు అందరినీ ఒకేసారి భూగర్భ సొరంగాల్లోకి పంపుతారు. పంపకపోతే విలన్‌కు నగరం దొరకదు, అందుకే పంపారని చూస్తుంటేనే తెలిసిపోతుంది. ఈ ఉదాహరణలు నేను బృందానికి చెప్పింది వాళ్ళ ధైర్యం కోసం. వందల కోట్ల సినిమాల్లో జరిగిందే మీకూ జరిగింది, సిగ్గుపడాల్సిన పని లేదని.

మొదట ప్రయత్నించినవి, ఎందుకు పనిచేయలేదు

నేను వెళ్ళేలోపే బృందం కొన్ని మరమ్మతులు చేసి ఉంచింది. అవి నిలవవని అనిపించినా, వెంటనే కొట్టిపారేయలేదు. రాసినవాళ్ళు తమ మరమ్మతు ఎందుకు నిలబడదో తామే చూడాలి. లేకపోతే తర్వాతి డ్రాఫ్టులో అదే చేస్తారు. అందుకని ఒక్కోదాన్ని పట్టుకుని చివరి సీను దాకా నడిపించి చూశాం.

మొదటిది డైలాగు. హీరో ఏటి ఒడ్డున నిలబడి, "నీళ్ళు బురదగా ఉన్నాయి, ఏమీ వినపడటం లేదు" అంటాడు. ఒక్క లైనుతో ముసలమ్మ ప్రశ్నకు జవాబు వచ్చేసిందని వాళ్ళ సంతోషం. సరే, క్లైమాక్సు తియ్యమన్నాను. వరదలో హీరో నడుముల దాకా దిగి, చెయ్యి పెట్టి, స్నేహితుడి గొంతు వింటాడు. వరద నీటికంటే బురద నీళ్ళు ఇంకేముంటాయి? గదిలో ఎవరూ మాట్లాడలేదు. చిన్న లొసుగును పూడ్చడానికి రాసిన లైను క్లైమాక్సునే పడగొట్టింది. డైలాగుతో చేసే మరమ్మతుల్లో ఎప్పుడూ ఉండే ప్రమాదం ఇది. ఆ లైను ఒక్క సీను కోసం రాస్తాం, కానీ నోట్లోంచి వచ్చిన క్షణం నుంచీ అది సినిమా అంతటికీ నియమం అయిపోతుంది.

రెండోది బలహీనత. మూడో సీనులో హీరో స్నేహితుడితో, "ఈమధ్య నా శక్తి తగ్గిపోతోంది రా" అంటాడు. ఎందుకు తగ్గుతోందో స్క్రిప్టులో లేదు. శక్తి తగ్గకూడదని కాదు. 2004 స్పైడర్‌మ్యాన్ 2లో హీరో శక్తులు సన్నగిల్లుతాయి, అది మనకు పూర్తిగా ఒప్పుతుంది. అతను రెండు బతుకుల మధ్య నలిగిపోతున్నాడని ముందే చూశాం, మనసు వదిలేస్తుంటే ఒళ్ళూ వదిలేస్తోందని అర్థమవుతుంది. మన లైన్‌మన్‌కు అలాంటి నలుగుడు ఏదీ లేదు. స్నేహితుడు దొరకకూడని రోజుల్లో తగ్గి, దొరకాల్సిన రోజున తిరిగొచ్చే శక్తి అది.

మూడోది తల్లి ఫ్లాష్‌బ్యాక్. కాంట్రాక్టరు కుటుంబం ఒకప్పుడు ఆమెకు సాయం చేసిందని ఆరు పేజీలు రాశారు. చక్కగా రాశారు కూడా. కానీ ఫ్లాష్‌బ్యాక్ వచ్చేది ఆమె చెప్పేసిన తర్వాత. ముందు తప్పు చేయించి, తర్వాత సాక్ష్యం తెచ్చినట్టుంది. పైగా ఆ సాయం గురించి మొదటి భాగంలో ఊసే లేదు. దర్శకుడికి ఆ పేజీలంటే ఇష్టం, తీసేయడానికి బాధపడ్డాడు. నేను ఒకటే అడిగాను: ఈ ఆరు పేజీలు లేకుండా, మొదటి భాగంలో మనం చూసిన ఆ తల్లే నోరు విప్పే పరిస్థితి ఏదైనా ఉందా? ఉంటే పేజీలు అక్కర్లేదు. లేకపోతే పేజీలు ఎన్ని రాసినా సరిపోవు. ఆ ప్రశ్నను అలాగే వదిలి, హీరో శక్తి దగ్గరికి వెళ్ళాం.

మొదటి భాగంలోకి తిరిగి వెళ్ళడం

ఇక్కడి నుంచి అసలు పని. కొత్తగా ఏమీ కనిపెట్టొద్దని ముందే మాట తీసుకున్నాను. సీక్వెల్‌కు కావలసిన హద్దులు మొదటి భాగంలోనే ఎక్కడో ఉంటాయని నా నమ్మకం. తీసినవాళ్ళు వాటిని నియమాలు అనుకోకుండా, అందం కోసమో నవ్వు కోసమో పెట్టి ఉంటారు. అందరం కూర్చుని మొదటి భాగం చూశాం. హీరో నీళ్ళు తాకిన ప్రతిసారీ ఆపి, ఎక్కడ తాకాడు, ఏం వినబడింది, ఏం వినబడలేదు అని రాసుకున్నాం.

రెండు విషయాలు దొరికాయి. మొదటిది సంత రోజు సీను. హీరో రేవులో కాళ్ళు కడుక్కోబోయి తల పట్టుకుని కూలబడిపోతాడు. బట్టలు ఉతికేవాళ్ళు, బేరాలు, పిల్లలు, అన్నీ ఒకేసారి వినబడతాయి. నవ్వు కోసం పెట్టిన సీను అది. కానీ అందులో ఒక నియమం ఉంది. శబ్దం ఎక్కువైతే అతను దేన్నీ వేరు చేసి వినలేడు, పైగా అతనికి నొప్పి. జాతర పాప దొరకడానికి కారణం అది అర్ధరాత్రి కావడం, ఏరంతా నిశ్శబ్దంగా ఉండటం.

రెండోది ఎవరూ అనుకోనిది. ప్రతిసారీ అతనికి వినబడింది ఎగువ నుంచే. ఒక్కసారి కూడా దిగువన జరిగింది వినలేదు. కెమెరా ఎప్పుడూ ఒకే రేవులో పెట్టారు కాబట్టి అలా కుదిరింది. నీరు ఎటు నుంచి వచ్చిందో అటు మాటే మోసుకొస్తుందన్నమాట. కొత్త నియమం పెట్టక్కర్లేదు, ఉన్నదాన్ని గుర్తిస్తే చాలు. రెండో భాగం డ్రాఫ్టులో ఒకచోట దిగువ మాట వింటాడు, దాన్ని కొట్టేశాం.

అప్పుడు ముసలమ్మ ప్రశ్నకు జవాబు తలకిందులైంది. "ఎందుకు పెట్టడు?" అన్నదానికి సాకు వెతకడం మానేశాం. పెట్టనిద్దాం. స్నేహితుడు కనిపించడం లేదని తెలిసిన మరుక్షణమే హీరో పరుగెత్తి రేవులో చెయ్యి పెడతాడు. ప్రేక్షకుడు ఏం చేస్తాడో హీరో అదే చేస్తాడు. ఏమీ వినబడదు, ఎందుకంటే స్నేహితుడు దిగువన ఉన్నాడు. ఏరు ఒడిశా నుంచి ఆంధ్రా వైపు దిగుతుంది, కాబట్టి హీరో సరిహద్దు దాటి దిగువకు వెళ్తాడు. అక్కడ పెడితే యంత్రాల రొద. చెవులు పగిలిపోయేంత రొద. శక్తిని దాచిపెట్టి టెన్షన్ తేవడం కంటే, శక్తిని వాడించి ఓడించడంలో ఉన్న టెన్షన్ ఎన్నో రెట్లు ఎక్కువ. సూపర్‌హీరో సీక్వెల్ రాసే ఎవరికైనా నేను ముందు చెప్పే మాట ఇదే: జనానికి తట్టే మొదటి ఉపాయాన్ని హీరో చేత మొదట చేయించండి.

ఎవరికి ఏం తెలుసు

యంత్రాల రొద దొరికాక బృందం ఉత్సాహంగా విలన్‌ను తెలివైనవాడిని చేసింది. హీరో వినకుండా ఉండాలని అతను ఏటి పొడవునా రాత్రంతా యంత్రాలు నడిపిస్తాడు. బాగుంది, కానీ హీరోకు అలాంటి శక్తి ఉందని అతనికి ఎలా తెలుసు?

లెడ్జర్ పుస్తకం తెప్పించి, పేజీకి ఒక పాత్ర పేరు రాయించాను. ఒక్కో సీను మొదలయ్యే క్షణానికి ఆ మనిషికి ఏం తెలుసు, దేనికి భయపడుతున్నాడు, చేతిలో ఏముంది, ఇంతే. కథ ఎటు పోవాలో ఆ పుస్తకంలో రాయకూడదు. మొదట విసుగు పుట్టిస్తుంది ఈ పని. కాంట్రాక్టరు పేజీ నింపుతుండగానే సంగతి బయటపడింది. శక్తి గురించి అతనికి తెలియడానికి ముందే అతను దానికి విరుగుడు వాడుతున్నాడు.

సీన్ల వరుస మార్చాం. యంత్రాలు మొదట ఇసుక కోసమే నడుస్తాయి, విలన్‌కు వేరే ఉద్దేశం లేదు. ఒక రాత్రి హీరో ఏదో పనిమీద నీళ్ళలో దిగుతాడు, ఆ రొదకు తట్టుకోలేక పడిపోతాడు. చెవిలోంచి రక్తం. ఆసుపత్రి. అక్కడ రహస్యం బయటపడుతుంది, విలన్ చెవిన పడుతుంది. అప్పుడు అదే రొద ఆయుధం అవుతుంది. స్నేహితుడు మాయమయ్యేది ఆ తర్వాత.

ఈ ఆసుపత్రి దగ్గరే తల్లి సమస్య తీరింది, తీర్చింది ఊరివాళ్ళు. విశాఖ ఆసుపత్రి సీను వినిపించినప్పుడు ఒక పెద్దాయన, "మన కార్డుకి అక్కడ ఆరోగ్యశ్రీ రాదు కదా బాబూ, డబ్బెక్కడిది?" అన్నాడు. ఒడిశా రేషన్ కార్డు ఉన్న కుటుంబం, కాంట్రాక్టు ఉద్యోగి జీతం. అర్ధరాత్రి అంబులెన్సు మాట్లాడుకుని విశాఖ కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్ళడం ఆ ఊళ్ళో ఎవరూ నమ్మరు. హైదరాబాద్‌లో కూర్చుని చదివిన నాలాంటివాడికి తట్టని లొసుగు ఇది, సరిహద్దున బతికేవాళ్ళకు మొదటి మాటకే తట్టింది. సరే, హీరోను ఊళ్ళో సర్కారు ఆసుపత్రికే తీసుకెళ్ళాం.

అక్కడ ఏం జరుగుతుంది? హీరో మత్తులో "నీళ్ళలో అరుస్తున్నారు, ఆపమనండి" అని కలవరిస్తాడు. డ్యూటీలో ఉన్నది మన నర్సే. ఆమెకు శక్తి సంగతి తెలియదు. కేసు షీటులో రాసి, మానసిక వైద్యుడికి చూపించాలి, పెద్దాసుపత్రికి పంపుదాం అంటుంది. తప్పేమీ లేదు, ఏ నర్సయినా అదే అంటుంది. కానీ తల్లికి ఆ మాట కొత్త కాదు. భర్తను తీసుకెళ్ళిన రోజున కూడా ఇదే అన్నారు. ఆమె నర్సు చెయ్యి పట్టుకుని, "పిచ్చి కాదమ్మా, ఆడికి నిజంగానే ఇనబడతాది, ఆల్ల నాన్నకీ ఇనబడీది" అంటుంది.

ఏ భయంతో ఇన్నాళ్ళూ నోరు కట్టుకుందో, అదే భయంతో నోరు విప్పింది. ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు, కాంట్రాక్టరు సాయం అక్కర్లేదు. మొదటి భాగం చూసినవాడికి ఆ ఒక్క లైను చాలు. పాత్ర తన స్వభావానికి విరుద్ధమైన పని చేయాల్సి వస్తే, ఆ స్వభావం మార్చకూడదు. అదే స్వభావం ఆ పని చేయించే పరిస్థితిని వెతకాలి. ఈ కేసులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన సీను ఇది.

పక్క మంచం దగ్గర ఇసుక ట్రాక్టరు డ్రైవరు తమ్ముడు ఉంటాడు, అతను వింటాడు, మాట కాంట్రాక్టరుకు చేరుతుంది. ఇది యాదృచ్ఛికం కాదా అని బృందంలో ఒకమ్మాయి నిలదీసింది. మంచి ప్రశ్న. రెండు కారణాలతో ఉంచాం. ఆ డ్రైవరు కాలు విరిగింది అంతకు రెండు సీన్ల ముందు, అదే ఏట్లో, మన కళ్ళముందే. ఊళ్ళో అలాంటివాళ్ళందరూ వెళ్ళేది ఆ వార్డుకే. ఇంకోటి, ఈ యాదృచ్ఛికం హీరోను ముంచుతోంది, గట్టెక్కించడం లేదు. హీరోకు కష్టం తెచ్చే కాకతాళీయాన్ని జనం సందేహించరు.

నర్సు మౌనం

అన్నిటికంటే ఎక్కువ వాదన ఇక్కడే. నర్సు నిజం దాచడం మీదే ఇంటర్వెల్ కట్టారు. బృందం మొదటి మరమ్మతు ఫోన్ ఛార్జింగ్ అయిపోవడం, తర్వాతది సిగ్నల్ లేకపోవడం. సరిహద్దు ఊళ్ళో అందరి దగ్గరా రెండు సిమ్ములు ఉంటాయని వాళ్ళే ఒప్పుకున్నారు. పైగా ఆమె హీరోను రోజూ కలుస్తోంది. నోటితో చెప్పొచ్చు.

నా సలహా: వెంటనే చెప్పించండి. కాంట్రాక్టరు ఫోన్ ఆమె చేతికి చిక్కడం కూడా తీసేయండి. వీడియో తీసినవాడు దాన్ని ముందు ఎవరికి పంపుతాడు? చెల్లెలికే. అన్న మాయం కాగానే ఆమె ఆ వీడియో చూపించి, ఇది ఎవరి పనో చెబుతుంది.

దర్శకుడికి ఇంటర్వెల్ పోయింది. "ఇక సస్పెన్స్ ఏముంది మాస్టారూ?" అన్నాడు. మళ్ళీ స్పైడర్‌మ్యాన్ 2 దగ్గరికి వెళ్ళాం. బాబాయి చావులో తన తప్పు ఉందని హీరో పీటర్ పిన్నమ్మకు చెప్పేస్తాడు. రహస్యం విప్పేశాక సినిమా చప్పబడలేదు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని లేచి వెళ్ళిపోయినప్పుడు అతను ఇంకా ఒంటరివాడయ్యాడు. విషయం తెలిశాక బరువు పెరగాలి. మన కథలో విలన్ ఎవరో తెలిసినంత మాత్రాన హీరో ఏం చేయగలడు? స్నేహితుడు వాళ్ళ చేతిలో ఉన్నాడు. యంత్రాల మీద పనిచేసే కూలీల్లో హీరో సొంత మేనమామ ఉన్నాడు, ఆ ఇల్లు గడిచేది ఆ కూలితోనే. యంత్రం ఆపితే మామ కడుపు కొట్టినట్టు, ఆపకపోతే స్నేహితుడు దక్కడు. ఇంటర్వెల్‌ను అక్కడికి మార్చాం. రాత్రి ఏట్లో యంత్రం మీద కూర్చున్నది మామ అని హీరో టార్చి వెలుగులో గుర్తుపట్టే క్షణానికి.

పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్ళరన్నది కూడా ఇదే పద్ధతిలో తేల్చాం. డ్రాఫ్టులో ఎస్సై "మా పరిధి కాదు" అని తిప్పి పంపుతాడు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. కాబట్టి తీసుకుంటారు. కాగితం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళి, అక్కడి స్టేషన్ కదిలేసరికి పట్టే సమయం హీరో దగ్గర లేదు. ఎవరినీ చేతకానివాళ్ళుగా చూపించక్కర్లేదు.

విలన్ హీరోను కట్టేసి వదిలి వెళ్ళే సీనుకు ఏ కారణమూ దొరకలేదు. సీనే తీసేశాం, దాని అవసరం ఎక్కడా తెలియలేదు.

క్లైమాక్సు

డ్రాఫ్టులో గాలి, వాన, వరద అన్నీ ఒకే రాత్రి, ఒకే గంటలో వస్తాయి. బృందంలో అందరికీ తిత్లీ తుఫాను గుర్తుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి, ఏళ్ళు పొంగాయి. ఆ రోజు ఎలా గడిచిందో గంటగంటకూ చెప్పమన్నాను. గాలి ముందు, వరద తర్వాత. కొండల మీద పడిన వాన ఏట్లోకి దిగడానికి సమయం పట్టింది. మరి ఏట్లో యంత్రాలు? హెచ్చరిక రాగానే ముందురోజే ఒడ్డెక్కించేసి ఉంటారు, లక్షల విలువైనవి నీళ్ళ పాలు చేసుకోరు.

అది విన్నాక క్లైమాక్సు దానంతట అదే కూర్చుంది. యంత్రాలు ఒడ్డెక్కిన క్షణం నుంచి వరద వచ్చేలోపు, కొన్ని గంటలపాటు ఏరు నిశ్శబ్దంగా ఉంటుంది. విలన్ తన ఆస్తిని కాపాడుకోవడానికి తన ఆయుధాన్ని తానే ఆపుకోవాలి. హీరోకు వినడానికి దొరికేది ఆ గంటలే. స్నేహితుడికి శక్తి సంగతి మొదటి భాగం నుంచీ తెలుసు, షెడ్డు నేలలోకి నీళ్ళు ఊరుతుంటే వాటితోనే మాట్లాడతాడు.

మరమ్మతు కొత్త లొసుగు తెచ్చింది. తుఫాను హెచ్చరిక రోజున లైన్‌మన్‌కు సెలవుండదు, హీరో ఏటి ఒడ్డున ఎలా ఉంటాడు? బృందంలో ఒకరి నాన్న ఆ పనే చేసి రిటైరయ్యారు. పల్లపు ప్రాంతాల ఫీడర్లు ముందే ఆపుతారు, ఎల్‌సీ, అంటే కరెంటు ఆపించి లైను మీద పనిచేసే అనుమతి, తీసుకుని ఏటి దగ్గర లైను చూడ్డానికి ఎవరో ఒకరు వెళ్ళాలి అన్నారాయన. హీరో ఆ డ్యూటీ అడిగి వేయించుకుంటాడు. ఏటి ఒడ్డునే దిగువకు సాగే లైను అది, స్తంభం నుంచి స్తంభానికి నడుస్తూ, ఒక్కోచోట చెయ్యి ముంచుతూ వెళ్తాడు. ఆ సీను వాళ్ళు నాకు చదివి వినిపించినప్పుడు కాసేపు మాట రాలేదు. అతని ఉద్యోగం, అతని శక్తి, ఆ ఏరు, మూడూ ఒకే నడకలో కలిశాయి.

వదిలేసినవి, మిగిలినవి

ఒడ్డున ఉన్న మనిషి మాట నీళ్ళలోకి ఎలా చేరుతుందన్నది వివరించొద్దని చెప్పాను. బృందంలో సైన్సు చదివిన కుర్రాడు కంపనాల మీద ఒక డైలాగు రాశాడు, తీసేయించాను. సూపర్‌హీరో కథ ఆడే ఆ ఒక్క అబద్ధాన్ని జనం టికెట్ కొన్నప్పుడే ఒప్పుకుంటారు. వివరణ మొదలుపెడితే అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఆ అబద్ధం తర్వాత జరిగే ప్రతిదీ మాత్రం నిజంలా నడవాలి.

కొత్త డ్రాఫ్టును అదే ఇంట్లో, వీలైనంతవరకు అదే మనుషులకు వినిపించారు. ఈసారి ఎవరూ "ఎందుకు" అని ఆపలేదు. ఆసుపత్రి సీను దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారని దర్శకుడు చెప్పాడు. ఒక ఫిర్యాదు వచ్చింది: మొదటి సగంలో ఫైట్లు తగ్గాయని. అది నిజమే. కట్టేసిన సీనుతో పాటు ఒక ఫైటు పోయింది, దాని బదులు ఇంకోటి పెట్టలేదు. పంపిణీ చేసేవాళ్ళు అడిగితే ఏం చెప్పాలన్నది ఇంకా తేలలేదు.

లెడ్జర్ చివరి పేజీల్లో, ఈ సినిమా పూర్తయ్యేసరికి ఏమేం అప్పులు మిగులుతాయో రాయించాను. ట్రాక్టరు డ్రైవరు తమ్ముడికి రహస్యం తెలుసు. యంత్రాల రొదతో హీరోను ఆపొచ్చని ఇప్పుడు ఊళ్ళో కనీసం ముగ్గురికి తెలుసు, వచ్చే విలన్ ఎవరైనా దాన్ని వాడకపోతే అదే లొసుగు. మామ ఉద్యోగం పోయింది, అతను చెల్లెలి ఇంటికి ఎలా వస్తాడో చూడాలి. హీరో కుడి చెవి పూర్తిగా దెబ్బతింది. మనిషికి శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలిసేది ముఖ్యంగా రెండు చెవుల మధ్య తేడా వల్ల. ఒక్క చెవే మిగిలినవాడికి నీళ్ళలో గొంతు వినబడినా, అది ఏ ఒడ్డు నుంచి వచ్చిందో తెలుస్తుందా? బృందం మూడో భాగం సీన్ ఆర్డర్‌ను ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టింది.